ఒక్కటీ వదల్లేదు

అక్క పోయిన పదకొండో రోజు, కర్మకాండ ముగిసి చుట్టాలంతా విస్తళ్ళ ముందు కూర్చున్న వేళ, మా బావ పెరట్లో అరుగు మీద ఒక్కడే కూర్చుని నవ్వుకుంటున్నాడు. కట్టు కట్టిన కుడిచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకున్నాడు. వేళ్ళు కొద్దిగా ముడుచుకుంటున్నాయి, మళ్ళీ విచ్చుకుంటున్నాయి. భోజనానికి పిలుద్దామని వెళ్ళిన నేను గుమ్మంలోనే ఆగిపోయాను.

"ఏటి బావా, నొప్పెడతందా?" అని అడిగాను.

"లేదు. మీ అక్క నూని రాస్తంది," అన్నాడు.

అక్కను మేం కాన్వెంట్ జంక్షన్ శ్మశానంలో దహనం చేసి పది రోజులైంది. దుఃఖం మనిషి బుర్రను ఎంత పనైనా చేస్తుందని విన్నాను గానీ మా బావ అప్పలకొండ అలాంటివాడు కాదు. ఇరవై రెండేళ్ళుగా కంచరపాలెంలో టిఫిన్ హోటల్ నడుపుతూ, తెల్లవారకముందే పెనం వెలిగించి, ఆవేశం అన్నది ఎరగకుండా పెసరట్లు తిప్పినవాడు.

"అలగ సూడకు రత్నం. నాకేటీ పిచ్చెక్కలేదు. ఇది మొన్నటి గురువారంది కాదు, ఆ ముందు గురువారంది. సెయ్యి ఎండిపోతందని బల్ల మీద కూకోబెట్టి రాసింది. ఇదిగో, ఇప్పుడు బొటనేలు కాడికొచ్చింది." తర్వాత గొంతు తగ్గించి, దాచుకున్న తీపి కబురు చెప్పినట్టు చెప్పాడు. "సోమారం పదకొండింటికి ఆస్పత్రిది వస్తది. నా సెయ్యి పట్టుకుందే, అది. ఇంక నాలుగు రోజులే."

అప్పుడు అర్థమైంది నాకు. పిచ్చి పట్టింది బావకు కాదు, నేను తయారుచేసిన వస్తువుకు.

నేను చేసే పని ఇంట్లో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. అక్క అయితే నలుగురిలో "మా రత్నం కరెంటు పని చేస్తాది" అని తేల్చేసేది. మధురవాడ కొండ మీద మా ల్యాబ్ ఉంది. అక్కడ మేం 'వంతెన' అనే చింతగింజంత స్విచ్ తయారుచేశాం. నరాలు తెగిపోయిన చేతికీ మెదడుకూ మధ్య, మెడ కింద దాన్ని అమరుస్తారు. చేతి నుంచి వచ్చే స్పర్శను పైకి పంపుతుంది, పైనుంచి వచ్చే ఆజ్ఞను కిందికి పంపుతుంది. ఏది ముందు వెళ్ళాలో, ఏది ఆగాలో ఆ స్విచ్‌కి చెప్పే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. డ్రైవర్ రాసేదీ నేనే, పరీక్షించేదీ నేనే.

రెండేళ్ళ క్రితం స్కూటర్ మీంచి పడి బావ కుడిభుజం నరాలు తెగాయి. చెయ్యి సొరకాయలా వేలాడింది. వంతెన పెట్టించుకున్న మొదటి పదిమందిలో ఆయనొకడు. మూడో వారానికి గరిటె పట్టుకున్నాడు. అక్క ఆ రోజు నాకు దిష్టి తీసింది, ఆయనకు కాదు.

అయితే మొదటి డ్రైవర్‌లో ఒక చిక్కుంది. హోటల్ ముందు బల్ల ఉంటుంది చూడండి, లోపల చోటు ఖాళీ అయ్యేదాకా జనం కూర్చునేది? స్విచ్‌లో బఫర్ అలాంటిదే. చేతి నుంచి స్పర్శలు మెదడు తీసుకోగలిగిన దానికంటే ఎక్కువ వస్తే, కొన్ని ఆ బల్ల మీద కూర్చుంటాయి. బల్ల చిన్నదైతే మిగిలినవాటిని పొమ్మనాలి. నా మొదటి డ్రైవర్ అలా పొమ్మనేది. దాంతో రద్దీ వేళ బావకు చెయ్యి అక్కడక్కడ మొద్దుబారేది. పిండిలో ఉప్పు వేశాడో లేదో తెలిసేది కాదు. ఓసారి అక్క వెనకనుంచి వచ్చి చెయ్యి పట్టుకుంటే ఆయనకు తెలియలేదట. ఆ మాట అక్క నాతో నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం మంట పుట్టింది.

పట్టుదలకు పోయాను. బఫర్‌ని వేలరెట్లు పెంచాను. పొమ్మనే భాగాన్ని డ్రైవర్ నుంచి మొత్తం కోసి పారేశాను. బల్ల నిండిపోతే చేతివైపు 'ఆగు' అనే సంకేతం పంపుతుంది, అంతే. వారం పాటు రోజూ పరీక్ష పెట్టాను. కొన్ని కోట్ల సంకేతాలు పంపితే ఒక్కటీ పోలేదు. బోర్డు మీద ఎర్ర అక్షరాలతో 'ఒక్కటీ వదల్లేదు' అని రాశాను. మా ల్యాబ్ పెద్ద శేషగిరి గారు మాడుగుల హల్వా తెప్పించారు. ఐదు నెలల క్రితం ఆ డ్రైవర్ బావ మెడలోకి వెళ్ళింది.

మా ల్యాబ్‌లో ఒక ఆచారం ఉంది. శేషగిరి గారు పెట్టింది. ఏ పరీక్షకైనా ముందు స్విచ్ ఆపాలి, ఆరు నిమిషాలు ఆగాలి, అప్పుడు ఆన్ చెయ్యాలి. పరీక్ష అయ్యాక కూడా తర్వాత వచ్చేవాళ్ళ కోసం అదే చేసి, సంతకం పెట్టి బయటికి రావాలి. పాత కరెంటు బోర్డులో మిగిలిపోతే ఫలితాలు తప్పొస్తాయని ఆయన నమ్మకం. గుడి ముందు చెప్పులు విడిచినంత నియమంగా మేమంతా పాటించాం. ఆ ఆరు నిమిషాలూ చేతులు కట్టుకుని నిలబడేదాన్ని.

ప్రతి పరీక్షకూ ముందు ఆపి ఆన్ చేస్తే బల్ల ప్రతిసారీ ఖాళీగానే మొదలవుతుంది. మా ల్యాబ్‌లో ఏ స్విచ్చూ ఒక రోజుకు మించి ఏకబిగిన నడవలేదు. బావ మెడలోది ఐదు నెలలుగా ఆగలేదు. ఇంత తేలిక విషయం నాకెందుకు తట్టలేదో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

పెరట్లో ఆయన పక్కన కూలబడి ఎప్పట్నుంచి ఇలా ఉందని అడిగాను. మొదట్లో చిటికెడు ఆలస్యమయ్యేదట. నరం కదా, నడిచి రావాలి కదా అనుకున్నాడు. తర్వాత పూట, తర్వాత రోజు, తర్వాత వారం. హోటల్లో గిరాకీ పెరిగేకొద్దీ చేతి స్పర్శ వెనకబడింది, కదలిక మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఆయన కళ్ళతో చూసి పని చేసుకోవడం నేర్చుకున్నాడు. వేడి తగిలితే బొబ్బ చూసి తెలుసుకునేవాడు. నొప్పి వారం తర్వాత వచ్చినప్పుడు, ఇది ఫలానా రోజుది అని పళ్ళు బిగించేవాడు. అక్కకు మాత్రం చెప్పాడు. రత్నానికి చెప్పొద్దు, మనసు కష్టపెట్టుకుంటుంది అని ఇద్దరూ అనుకున్నారట.

"మరి ప్రతి శనివారం ల్యాబ్ నుంచి ఫోన్ చేసి అడుగుతారు కదా బావా?"

"స్పర్శ తెలస్తందా అని అడుగుతారు. తెలస్తంది అంటాను. తెలస్తంది కదా మరి."

ఆ ప్రశ్నల కాగితం రాసిందీ నేనే. తెలుస్తోందా అని రాశాను. ఎప్పుడు అని రాయలేదు.

కుడిచేతి కట్టు వంక చూశాను. అక్క పోయిందని డాక్టరు చెప్పిన క్షణంలో ఆ నెమ్మదైన మనిషి వార్డు కిటికీ అద్దాన్ని పిడికిలితో గుద్దాడు. అరచెయ్యి చీలింది. పదకొండు కుట్లు పడ్డాయి. నొప్పి తెలియక ఆ చేత్తోనే బిందెలు మోశాడు, కట్టెలు పేర్చాడు. కుట్లు తెగి, చీము పట్టి, కట్టు పచ్చగా తడిసింది. దగ్గరికి వెళితే వాసన వస్తోంది. పదకొండు రోజులుగా ఆ గాయం అరుస్తూనే ఉంది, అదంతా వరసలో కూర్చునే ఉంది. ఆయనకు ఇంకా అద్దం తగల్లేదు.

విస్తట్లో చెయ్యి పెట్టకుండానే ఆయన్ని కారెక్కించి ల్యాబ్‌కి తీసుకెళ్ళాను. చుట్టాలు ఏమనుకున్నారో నాకు తెలియదు.

మెడ మీద రీడర్ ఆనించి అంకెలు చూశాను. బఫర్ నూటికి తొంభై ఏడు వంతులు నిండి ఉంది. తెర మీద ఉన్నది నా కళ్ళకు ఎక్కలేదు. రీడర్ తీసి మళ్ళీ పెట్టాను. అదే అంకె. గాయం వల్ల వరద ఎక్కువైంది. ఆ లెక్కన శనివారం పొద్దుటికి పూర్తిగా నిండుతుంది.

నిండితే స్విచ్ 'ఆగు' అంటుంది. ల్యాబ్‌లో ఆ సంకేతం అందుకునేది ఒక యంత్రం. ఆగు అంటే బుద్ధిగా ఆగేది. నరం ఎవరి మాటా వినదు. అది ఆగేదాకా స్విచ్ ఆ సంకేతాన్ని పంపుతూనే ఉంటుంది. వంతెన అమర్చిన సర్జన్ డాక్టర్ సల్మాను ల్యాబ్‌కి పిలిపించాను. ఆ మాట వినగానే ఆమె కుర్చీలోంచి లేచారు. ఆ సంకేతం వెళ్ళే తీగకు ధాన్యపు గింజంత దూరంలో ఊపిరి నరం ఉందట. ఒకసారి తగిలితే దగ్గొస్తుంది, ఆగకుండా తగిలితే ఊపిరి నిలిచిపోతుంది.

"నిలిచిపోతే మళ్ళీ మొదలవుతుందని నేను మాటివ్వలేను రత్నం గారూ," అన్నారామె. "ఇప్పుడే రీసెట్ చెయ్యండి. ఆ చేతికి కూడా ఈ పూటే చికిత్స మొదలుపెట్టాలి. నొప్పి తెలియని చేతిని ఎవరూ కాపాడలేరు."

రీసెట్ చేస్తే బఫర్ ఖాళీ అవుతుంది. వరసలో ఉన్నదంతా పోతుంది. గాయం పోతుంది, సోమవారం కూడా పోతుంది. కొత్తగా వచ్చేవాటిని మాత్రం వదిలేసి పాతవాటిని నిదానంగా పంపించు అని డ్రైవర్‌కి చెప్పొచ్చు కదా అని శేషగిరి గారు అడిగారు. వదిలేసే భాగం అందులో లేదు, నేనే తీసేశాను. మళ్ళీ పెట్టాలంటే కొత్త డ్రైవర్ ఎక్కించాలి. ఎక్కించాలంటే స్విచ్ ఆపాలి. ఆపితే ఖాళీ. ఎటు తిరిగినా నేను కట్టిన గోడే ఎదురొచ్చింది. ఆ మాట చెబుతున్నప్పుడు సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

బావ పక్కగదిలో బెంచీ మీద కూర్చున్నాడు. అంతా విన్నాడు. బతిమాలడం ఆయన ఎరగడు. ఎడమచేత్తో కుడిచేతిని కప్పుకున్నాడు, అంతే.

"నాలుగు రోజులు కుదరదేటి?" అన్నాడు.

కుదరదని చెప్పాను.

"నలభై నిమిషాలు పట్టుకుంది రత్నం. మాట పడిపోయింది కదా, ఏటి సెప్పాలన్నా నా సెయ్యి నొక్కింది. కళ్ళతో సూసాను గానీ నాకు తెలీలేదు. ఆ టయానికి నాకు అంతకు ముందు ఎప్పుడో పిండి రుబ్బిందే తెలస్తంది. ఆవిడేటి సెప్పిందో నాకింకా అందలేదు."

ఆ నలభై నిమిషాల్లో నేను లేను. ఆ సోమవారం పొద్దున ల్యాబ్‌లో ఉన్నాను. రేడియో తరంగాలు పడవని మా ఫోన్లు బయట చెక్కపెట్టెలో ఉంటాయి. అత్యవసరమైతే కాపలావాళ్ళు తలుపు మీది ఎర్రబల్బు వెలిగిస్తారు. బల్బు వెలిగేసరికి పరీక్ష అయిపోయింది. ఎప్పటిలా ఏ కొరియర్ సంతకానికో వెలిగించారనుకుని స్విచ్ ఆపి, నియమం ప్రకారం ఆరు నిమిషాలు నిలబడి, ఆన్ చేసి, సంతకం పెట్టి వచ్చాను. వచ్చాక తెలిసింది, అక్కకు తలలో నరం చిట్లిందని. ఆస్పత్రికి పరుగెత్తాను. తెర వెనక బావ ఒక్కడే ఉన్నాడు, అక్క చెయ్యి పట్టుకుని. నన్ను చూడగానే, "ఇదిగో కనకం, నీ రత్నం వచ్చింది," అన్నాడు. నా చేతిని వాళ్ళిద్దరి చేతుల మీద పెట్టించాడు. "సూసావా, నొక్కింది. నీ కోసమే ఆగింది," అన్నాడు. నాకూ తెలిసినట్టే అనిపించింది. తర్వాత నాలుగు నిమిషాలకు డాక్టరు వచ్చి, చూసి, తల అడ్డంగా ఊపాడు. అప్పుడే అద్దం పగిలింది.

నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మ పోయింది. నాకు జడ వేసిందీ, బడికి పంపిందీ, ఇంజనీరింగ్ చదివించిందీ అక్కే. చివరికి నా కోసం ఆగింది అన్న ఒక్క మాట పట్టుకుని ఈ పదకొండు రోజులూ గడిపాను.

దారి తట్టింది ఆ సాయంత్రమే. వరస ఎంత వేగంగా పైకి వెళ్ళాలన్నది ఒక చిన్న అమరిక. దానికి స్విచ్ ఆపక్కర్లేదు. మెదడుకు ఇబ్బంది కలగకూడదని నేనే తక్కువలో పెట్టాను. దాన్ని ఇరవై రెట్లు పెంచితే శుక్రవారం పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి పదిన్నరకల్లా సోమవారం ఆస్పత్రికి చేరుకోవచ్చు. మూడు రోజుల చెయ్యి నాలుగు గంటల్లో గడిచిపోతుంది. నలభై నిమిషాలు రెండు నిమిషాలవుతాయి.

దాని వెనకే అద్దం ఉంది, అద్దం వెనక పదకొండు రోజుల చీము. అది ఇరవై రెట్ల వేగంతో తగిలితే గుండె తట్టుకోదని డాక్టర్ సల్మా ఖండితంగా చెప్పారు. ఆస్పత్రి అయిన మరుక్షణం, అద్దం రాకముందు, స్విచ్ ఆపెయ్యాలి. ఆ షరతు మీదే ఒప్పుకున్నారు.

వరసలో ఏది ఎక్కడుందో నాకు కనిపించదు. సంకేతాల సంఖ్య కనిపిస్తుంది గానీ, ఏది అక్క చెయ్యో ఏది అద్దమో తెలియదు. గుర్తు బావే చెప్పాలి. "నేనొచ్చి మీ చేతుల మీద చెయ్యి వేశాను కదా బావా. అది తగలగానే చెప్పు. ఆ తర్వాత నాలుగు నిమిషాలకే అద్దం. అంటే పన్నెండు సెకన్లే ఉంటుంది మనకి."

ఆయన మొహం మారింది. అది వద్దన్నాడు. ఇంకేదైనా గుర్తు పెట్టుకుందాం, మంచం కమ్మీ తగిలినప్పుడు చెబుతానన్నాడు. కమ్మీని ఆ రోజు ఎన్నోసార్లు పట్టుకుని ఉంటావు, నా చెయ్యి మాత్రం ఒక్కసారే పడింది అని నేను వాదించాను. చాలాసేపు నేలచూపులు చూసి, సరే అన్నాడు. అక్కను తలుచుకుని బాధపడుతున్నాడనుకున్నాను.

శుక్రవారం పొద్దున కిటికీలోంచి ఎండ పరీక్షగది మంచం మీద పడుతుండగా మొదలుపెట్టాం. బావ కళ్ళు మూసుకున్నాడు. డాక్టర్ సల్మా ఆయన నాడి చూస్తూ తలాపున కూర్చున్నారు. శేషగిరి గారు గోడకు ఆనుకుని నిలబడ్డారు. నా వేలు రీసెట్ మీట మీద ఉంది. వేగం ఇరవై రెట్లు పెంచాను.

మొదట ఆయన నవ్వాడు. "అబ్బ, సీమలు పాకినట్టుంది." అక్కడి నుంచి ఊపిరి తీసుకోవడానికి కూడా తీరిక లేకుండా వచ్చిపడ్డాయి. పిండి, గరిటె, తడిగుడ్డ, ఇనుప షట్టరు, కొత్తిమీర కట్టలు, మళ్ళీ పిండి. శుక్రవారం గడిచింది. ఆయన చొక్కా తడిసిపోయింది. శనివారం ఎప్పుడో పెనం అంచు తగిలి కెవ్వుమన్నాడు, డాక్టరమ్మ నా వైపు చూశారు, ఆయన ఎడమచేత్తో కానీ కానీ అన్నట్టు సైగ చేశాడు. ఆదివారం పొద్దుటి రద్దీ పావుగంటలో పోయింది. నాడి నూట నలభై దాటింది. నేను ప్రతి గుర్తు దగ్గరా, అలవాటు చొప్పున, రెండో చేత్తో తెర మీద సమయం నొక్కి పెట్టుకుంటున్నాను. టెస్టర్ల చేతికి అది రోగం.

పదిన్నరకు ఆయన ఒక్కసారి కదలకుండా అయిపోయాడు.

"పట్టుకుంది," అన్నాడు.

ఆయన కట్టులోంచి బయటికి కనిపిస్తున్న వేళ్ళు మెల్లగా మూసుకున్నాయి. మూసిన కళ్ళల్లోంచి నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. ఏదో వింటున్నట్టు తల ఊపుతున్నాడు. ఊ, ఊ, సర్లే, సర్లే అంటున్నాడు. ఒకసారి, "దానికి సెప్తాను," అన్నాడు. నేను కళ్ళు తుడుచుకోవడానికి కూడా వేలు మీట మీంచి తియ్యలేదు. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషం సగానికొచ్చింది.

అప్పుడు ఆయన నోట్లోంచి, ఆపుకోలేక, ఒక మాట జారింది.

"వదిలీసింది."

అలవాటుగా సమయం నొక్కాను. వేలు మీట మీద బిగిసింది. కానీ అది మా గుర్తు కాదు. నా చెయ్యి ఇంకా రాలేదు. నేను వచ్చేసరికి అక్క పట్టుకునే ఉంది కదా, నా చెయ్యి నొక్కింది కదా, మరి ఇదేమిటి అనుకున్నాను. బావ మొహం వైపు చూశాను. ఆయన పళ్ళు కరచిపట్టి, తల గోడవైపు తిప్పుకున్నాడు. గడియారం నడుస్తోంది. ఐదు. పది. పదిహేను.

"నువ్వొచ్చావు. నొక్కీ," అన్నాడు.

నొక్కాను.

తెర నల్లబడింది. ఆయన చెయ్యి మంచం పక్కకి వేలాడింది. స్విచ్ ఆగిపోయింది, ఇప్పుడు ఆ చేతికి నొప్పీ లేదు, నేనూ లేను. డాక్టర్ సల్మా ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి, బాగున్నాడన్నారు. శేషగిరి గారు గోడ గడియారం చూసి, అలవాటైన గొంతుతో, "ఆరు నిమిషాలమ్మా. తర్వాత కొత్త డ్రైవర్ ఎక్కిద్దాం," అన్నారు.

నా ల్యాప్‌టాప్ మీద నేను నొక్కి పెట్టుకున్న రెండు సమయాలు పక్కపక్కనే ఉన్నాయి. వదిలీసింది అన్నప్పటిది ఒకటి. నువ్వొచ్చావు అన్నప్పటిది ఒకటి. మధ్యలో పద్దెనిమిది సెకన్లు. గుణించకుండా ఉండాలనుకున్నాను. చేతకాలేదు. పద్దెనిమిదిని ఇరవైతో గుణిస్తే మూడొందల అరవై.

ఆరు నిమిషాలు.

బఫర్‌లో ముందొచ్చింది ముందే వెళుతుంది, వెనకొచ్చింది వెనకే వెళుతుంది. అది నా డ్రైవర్, అందులో వరస తప్పదు. అక్క నా కోసం ఆగలేదు. నన్ను నొక్కలేదు. నేను ఎర్రబల్బు కింద చేతులు కట్టుకుని, పాత కరెంటు పోవాలని నిలబడినంత సేపే ఆలస్యమయ్యాను. సరిగ్గా అంతే. ఒక్క నిమిషం ఎక్కువ కాదు, తక్కువ కాదు. ఐదు నెలలుగా తప్పును నా కళ్ళ నుంచి దాచిపెట్టిన ఆచారమే అక్కను కూడా నా నుంచి దాటించేసింది.

"బావా," అన్నాను.

ఆయన ఇటు తిరిగాడు. "అందుకే ఆ గురుతు వద్దన్నాను," అన్నాడు. "నువ్వు పరిగెట్టుకొచ్చావు. సెప్పులు కూడా లేవు కాళ్ళకి. నీ మొకం సూసి నాకు సెప్పబుద్ధి కాలేదు. డాక్టర్ని కూడా అందుకే పిలవలేదు, నువ్వొచ్చీదాకా."

ఆరు నిమిషాలు ఆ చచ్చిన చేతిని పట్టుకుని, ఏమీ తెలియని తన చేత్తో, నా కోసం ఆయన కూర్చున్నాడు. ఆగింది అక్క కాదు, ఈయన. నేను ఏడ్చాను. ల్యాబ్‌లో అలా ఎవరూ ఏడవలేదు, శేషగిరి గారు ఏంచెయ్యాలో తెలియక నీళ్ళసీసా తెచ్చి నా పక్కన పెట్టారు. గోడ మీద గడియారం మాత్రం తొందరపడలేదు. ఆరు నిమిషాలంటే ఎంతసేపో పదేళ్ళ ఉద్యోగంలో నాకు ఆ రోజే తెలిసింది.

మూడో నిమిషంలో అడిగాను, దానికి సెప్తాను అన్నావు, ఏం చెప్పిందని.

"మాటలేటుంటాయి, నొక్కడమే కదా. కానీ ఒకటి తెలిసింది. అరసేతిలో ఏలితో గీసింది, మూడు పాయలు. జడ అల్లినట్టు. నీ గురించే అడిగింది."

ఆ ఒక్కదాని కోసం మూడు రోజులు నాలుగు గంటల్లో ఓర్చుకున్నాడా అనిపించింది. నాకు చెప్పడానికి తన దగ్గర అబద్ధం ఒకటే ఉందని, దాని బదులు ఇవ్వడానికి నిజం ఒకటి కావాలని ఆయన ఆ నలభై నిమిషాల కోసం పట్టుబట్టాడు. నేను అడక్కపోయినా చెప్పేవాడే.

ఆరో నిమిషం అయింది. కొత్త డ్రైవర్ ఎక్కించాను. రాత్రి కూర్చుని రాసిందే. బఫర్ చిన్నది. నిండితే కొత్తవి వదిలేస్తుంది. తెర మీద ఒక మూల 'వదిలినవి' అని రాసి ఉంటుంది, ఎదురుగా సున్నా.

ఆన్ చేశాను.

"అమ్మా," అని బావ అరిచాడు. మంచం మీంచి సగం లేచాడు. చీరిన చెయ్యి, చీము పట్టిన చెయ్యి, పదకొండు రోజుల తర్వాత మొదటిసారి ఆయనదైంది. డాక్టర్ సల్మా ఇంజెక్షన్ అందుకున్నారు. ఆయన వేళ్ళు గాలిలో దేనికోసమో వెతుకుతున్నాయి. ఆ వేళ్ళ చివర్లు పట్టుకున్నాను, కట్టు తగలకుండా. తెర మీద వదిలినవి సున్నా నుంచి నలభైకి, నలభై నుంచి మూడొందలకు పరుగెడుతున్నాయి. పోనీ అనుకున్నాను.

బావ కళ్ళు గట్టిగా మూసుకునే, నా వేళ్ళను ఒకసారి నొక్కి చూశాడు.

"ఇది ఎప్పటిది రత్నం?" అన్నాడు.

"ఇప్పటిదే బావా," అన్నాను.